సున్నా డిగ్రీల దగ్గర నీళ్ళు ఏం చేస్తాయి?

నీళ్ళు సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడతాయి, మంచు అదే సున్నా దగ్గర కరుగుతుంది. బడి పుస్తకాల్లోనూ పోటీ పరీక్షల గైడ్లలోనూ ఈ రెండు ముక్కల్నీ ఒకే వాక్యంలో కట్టేసి చెబుతారు. అందులో ఒక ముక్కే పూర్తిగా నమ్మదగ్గది. మామూలు గాలి ఒత్తిడిలో స్వచ్ఛమైన మంచు సున్నా దాటగానే కరిగి తీరుతుంది. నీళ్ళు మాత్రం సున్నా దగ్గర గడ్డకట్టి తీరాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. చాలాసార్లు కట్టవు కూడా. కరగడం ఉష్ణోగ్రత చెప్పినట్టు వింటుంది. గడ్డకట్టడం ఉష్ణోగ్రతతోపాటు ఇంకా మూడు నాలుగు విషయాలను అడుగుతుంది. ఈ తేడా మూడు వందల ఏళ్ళుగా శాస్త్రవేత్తలకు పని పెడుతూనే ఉంది, ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

ఈ సంగతిని ధర్మపురిలో కూర్చుని మాట్లాడుకుందాం. అందుకు ఇది తగిన చోటేనా అని ఎవరైనా అడగొచ్చు. తమిళనాడు వాయవ్య మూలన, బెంగళూరు నుంచి సేలం వెళ్ళే రహదారి మీద ఉన్న ఊరు. పాత బారామహల్ సీమ. 2004లో కృష్ణగిరి విడిపోయేదాకా హోసూరు కూడా ఈ జిల్లాలోదే. ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, హోసూరు వైపు కాస్త కన్నడం కూడా మాట్లాడుతూ తరతరాలుగా బతుకుతున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. వేసవిలో ఎండ నలభై డిగ్రీలకు దగ్గరవుతుంది. మార్గశిరంలో తెల్లవారుజామున చలి వణికిస్తుందే గాని, ఆరుబయట పెట్టిన గిన్నెలో నీళ్ళు గడ్డకట్టే ముచ్చట ఇక్కడ లేదు. మంచు గురించి ఇక్కడ మాట్లాడుకోవడానికి అసలు కారణం అదే. కాశ్మీరంలో మంచు ఊరికే దొరుకుతుంది కాబట్టి దాని లెక్క ఎవరూ అడగరు. ఇక్కడ కనిపించే ప్రతి మంచు ముక్కనీ ఎవరో కరెంటు బిల్లు కట్టి తయారుచేసి ఉండాలి, లేదా అది ఆకాశం నుంచి రాలి ఉండాలి. రెండింటికీ లెక్క ఉంది.

ముందు కరగడం సంగతి. పద్దెనిమిదో శతాబ్దం మధ్యదాకా పండితులు కూడా అనుకున్నదేమిటంటే, మంచు కరిగే హద్దుకు వచ్చాక ఇంకొంచెం వేడి తగిలితే చాలు, గబుక్కున నీరైపోతుందని. అదే నిజమైతే హిమాలయాల మీది మంచంతా వేసవి తొలి ఎండకే ఒక్క పెట్టున నీరై దిగి, కింది ఊళ్ళను తుడిచిపెట్టెయ్యాలి. అలా ఎందుకు జరగడం లేదని అడిగినవాడు స్కాట్లాండ్‌లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పే జోసెఫ్ బ్లాక్. 1761 ప్రాంతంలో ఆయన చేసిన ప్రయోగానికి రెండు గాజు పాత్రలు, ఒక పెద్ద గది తప్ప ఏమీ అక్కర్లేదు. ఒక పాత్రలో మంచంత చల్లటి నీళ్ళు, రెండోదానిలో అంతే బరువు మంచుగడ్డ. రెండింటినీ ఒకే గదిలో వేలాడదీశాడు. నీళ్ళు నలభై ఫారన్‌హీట్ డిగ్రీలకు చేరడానికి అరగంట పట్టింది. మంచు కరిగి అదే నలభైకి రావడానికి పదిన్నర గంటలు పట్టింది. గది ఒకటే, తగిలిన వేడి కూడా దాదాపు ఒకటే. మరి ఆ పది గంటల వేడీ ఎటు పోయింది? థర్మామీటరులో కనపడలేదు, మంచును నీరుగా మార్చడానికే ఖర్చయిపోయింది. దాన్నే మనం గుప్తోష్ణం అంటున్నాం.

ఇవాళ్టి లెక్కలో ఒక గ్రాము మంచు సున్నా డిగ్రీల దగ్గరే ఉండి నీరు కావాలంటే సుమారు 80 క్యాలరీలు కావాలి. అదే వేడిని ఆ నీళ్ళకు ఇస్తే సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాగుతాయి. మంచు కరుగుతున్నంతసేపూ ఉష్ణోగ్రత ముల్లు కదలదు. మంచూ నీళ్ళూ కలిసి ఉన్న గిన్నెను ఎండలో పెట్టి బాగా కలుపుతూ ఉంటే, చివరి ముక్క కరిగేదాకా అది సున్నా దగ్గరే తచ్చాడుతుంది. థర్మామీటర్లకు గుర్తులు పెట్టడానికి తొలినాళ్ళలో మంచునీళ్ళనే ఎంచుకోవడానికి కారణం ఈ మొండితనమే. స్వీడన్‌లో ఆండర్స్ సెల్సియస్ 1742లో తన కొలమానం తయారుచేసినప్పుడు మరుగుతున్న నీటికి సున్నా, కరుగుతున్న మంచుకు నూరు పెట్టాడు. తర్వాతివాళ్ళు తిరగేశారు, మనకు మేలే చేశారు.

గుప్తోష్ణం మీద వ్యాపారం చేసి డబ్బు గడించినవాడు బాస్టన్‌కు చెందిన ఫ్రెడరిక్ ట్యూడర్. న్యూ ఇంగ్లాండ్ చెరువుల మీద చలికాలంలో కట్టిన మంచును దిమ్మలుగా కోసి, రంపపుపొట్టులో కప్పి, ఓడలో వేసి పంపేవాడు. 1833 మేలో టస్కనీ అనే ఓడ 180 టన్నుల మంచుతో బాస్టన్‌లో బయలుదేరి, రెండుసార్లు భూమధ్యరేఖ దాటి, నాలుగు నెలల తర్వాత కలకత్తా చేరింది. దాదాపు వంద టన్నులు ఇంకా మిగిలే ఉంది! మద్రాసు సముద్రపుటొడ్డున ఐస్‌హౌస్ కట్టింది 1842లో. ఇప్పుడది వివేకానందర్ ఇల్లం. 1897లో అమెరికా నుంచి తిరిగొచ్చిన స్వామి వివేకానంద కొన్నాళ్ళు ఉన్నది అక్కడే. అప్పటికే మంచు యంత్రాలు వచ్చి, అమెరికా మంచు వ్యాపారం మూతపడి, ఆ కట్టడం చేతులు మారింది.

అంత దూరం అంత మంచు ఎలా నిలిచిందన్నదానికి రెండు జవాబులు. ఒకటి 80 క్యాలరీల బాకీ. రెండు, పెద్ద రాశికి బరువుతో పోలిస్తే పైతలం తక్కువ. వేడి పైతలం నుంచే లోపలికి రావాలి. ఒకే బరువు మంచును ఒకే దిమ్మగా పెడితే ఒక ఎత్తు, నలగ్గొట్టి పోస్తే ఇంకో ఎత్తు. చెరకురసం బండి మీద గోనెపట్టా చుట్టిన దిమ్మను కావలసినప్పుడు కావలసినంతే కొట్టుకోవడం వెనక ఉన్న తెలివి ఇదే.

మంచు వ్యాపారం పోయినా దాని కొలత పోలేదు. ఏసీ కొనడానికి వెళ్తే ఒక టన్నా, ఒకటిన్నరా అని అడుగుతారు. ఆ టన్ను యంత్రం బరువు కాదు. పాత అమెరికన్ టన్ను, అంటే సుమారు 907 కిలోల మంచు, ఇరవై నాలుగు గంటల్లో కరుగుతూ గదిలోంచి ఎంత వేడి లాక్కుంటుందో అంత. సుమారు మూడున్నర కిలోవాట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ రోజంతా పూర్తి సత్తువతో నడిస్తే 1,360 కిలోల మంచు చేసే పని చేస్తున్నట్టు లెక్క.

కరిగే మంచు మొండిగా సున్నా దగ్గర నిలబడడం ఒక్కోసారి ప్రాణాలకు సంబంధించిన విషయం. ధర్మపురి జిల్లా పెన్నాగరం కొండ దారుల్లో టీకాలు మోసుకెళ్ళే నర్సమ్మ చేతిలోని నీలం పెట్టెను దగ్గర్నుంచి చూడండి. లోపల నాలుగు గోడలకూ నాలుగు ఐస్‌ప్యాక్‌లు, నడుమ టీకా సీసాలు. టీకాలు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. ఎండకు వేడెక్కితే పాడవుతాయని అందరికీ తెలుసు. హెపటైటిస్-బి, పెంటావాలెంట్, ధనుర్వాతం టీకాల్లాంటివి గడ్డకట్టినా పాడవుతాయన్నది చాలామందికి తెలియదు. వాటిలో మందును అంటిపెట్టుకుని ఉండే అల్యూమినియం లవణం గడ్డకడితే ముద్దలు కట్టి, మళ్ళీ కరిగినా పాత స్థితికి రాదు. డీప్‌ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్‌ప్యాక్ సున్నా దగ్గర ఉండదు, దానికి పదిహేను ఇరవై డిగ్రీలు కింద ఉంటుంది. తీసినవెంటనే పెట్టెలో పెడితే సీసాలు గడ్డకట్టిపోతాయి. అందుకని ప్యాక్‌లను బల్ల మీద పరిచి, చెమట పట్టేదాకా ఆగి, ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టి ఊపుతారు. లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వినిపించాలి. ఆ చప్పుడు వచ్చిందంటే లోపల మంచూ నీళ్ళూ కలిసి ఉన్నాయన్నమాట, అంటే ప్యాక్ సున్నాకు వచ్చేసింది. ఇక గుప్తోష్ణం తీరేదాకా అక్కడే ఉంటుంది. టీకా ద్రవంలో లవణాలున్నాయి గనక అది గడ్డకట్టాలంటే సున్నా కంటే కిందికి పోవాలి. ఆ కాస్త తేడాయే కాపాడుతుంది. థర్మామీటరు లేకుండా చెవితో ఉష్ణోగ్రత కొలవడం ఇది. నా మటుకు నాకు ఇది గొప్ప భౌతికశాస్త్ర ప్రయోగంలా కనిపిస్తుంది.

లవణాలు అనగానే ఉప్పు గురించి చెప్పాలి. నీళ్ళలో ఏది కరిగినా గడ్డకట్టే హద్దు కిందికి జరుగుతుంది. కరిగిన పదార్థం పేరుతో దాదాపు పనిలేదు, ఎన్ని రేణువులు కరిగాయన్నదే లెక్క. కుల్ఫీ చేసేవాళ్ళు కుండలో నలగ్గొట్టిన మంచుకు రాళ్ళుప్పు కలుపుతారు. ఉప్పు తగిలిన మంచు సున్నాకు కిందనే కరగడం మొదలెడుతుంది. కరగడానికి కావలసిన వేడి బయటి నుంచి అంత త్వరగా రాదు, అందుకని తనలోంచీ పక్కనున్న కుల్ఫీ గొట్టాల్లోంచీ లాక్కుంటుంది. మిశ్రమం చల్లబడిపోతుంది. ఉప్పు వాటా నూటికి ఇరవై మూడు దగ్గర ఈ ఆట హద్దు మైనస్ 21 డిగ్రీలు, అంతకు దిగితే మొత్తం గట్టిపడిపోతుంది. మంచును కరిగించి మరింత చల్లదనం పుట్టించడం వినడానికి విడ్డూరంగా ఉంటుంది గాని, ఫ్రిజ్జులు లేని రోజుల్లో ఐస్‌క్రీం పుట్టిందే ఇలా.

ఇదే సూత్రం పాల కేంద్రంలో పోలీసు పని చేస్తుంది. ధర్మపురి, కృష్ణగిరి పల్లెల్లో పాడి పెద్ద ఆదరువు. ఆవుపాలలో చక్కెర, లవణాలు దాదాపు ఒకే మోతాదులో ఉంటాయి, పశువు శరీరం ఆ మోతాదును గట్టిగా పట్టుకుంటుంది. అందువల్ల పాలు గడ్డకట్టే హద్దు మైనస్ 0.54 డిగ్రీల చుట్టుపక్కల తిరుగుతుంది. వెన్న శాతం మేతను బట్టి, ఈతను బట్టి మారుతుంది గాని ఇది అంతగా మారదు. నూరు లీటర్లలో పది లీటర్లు నీళ్ళే అయితే హద్దు మైనస్ 0.49కి ఎక్కుతుంది. క్రయోస్కోపు అనే పరికరం డిగ్రీలో వెయ్యో వంతు దాకా కొలవగలదు కాబట్టి ఈ తేడా దానికి ఇట్టే దొరుకుతుంది. అయితే కల్తీదారు కూడా రసాయనశాస్త్రం చదువుకున్నవాడే. నీళ్ళతోపాటు కాస్త ఉప్పో, చక్కెరో, యూరియానో కలిపితే హద్దు మళ్ళీ కిందికి వస్తుంది. అందుకే ఒక్క క్రయోస్కోపును నమ్ముకుని ఏ పాల సంస్థా కూర్చోదు.

ఇక అసలు చిక్కు, గడ్డకట్టడం. ఉష్ణమాపకంతో పేరు మిగిలిపోయిన డేనియల్ ఫారన్‌హీట్ 1721లో వాననీళ్ళు పోసిన గాజుబుడ్డిలోంచి గాలి లాగేసి, మూతి అతికేసి, చలికి వదిలాడు. గడ్డకట్టే హద్దు దాటి చాలా కిందికి పోయినా నీళ్ళు నీళ్ళుగానే ఉన్నాయి. మూతి విరగ్గొట్టగానే లోపలంతా మంచు రేకులు నిండిపోయాయి. ఇంకోసారి బుడ్డి పట్టుకుని మెట్లెక్కుతూ తడబడితే ఆ కుదుపుకే నీళ్ళు మంచయ్యాయట. 1724లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఆయన ఈ సంగతి రాశాడు. సున్నాకు కింద కూడా ద్రవంగా నిలిచిన ఈ నీటిని అతిశీతల నీరు అంటున్నాం. ఇంట్లో ఫ్రీజర్‌లో మూత తీయని మినరల్ వాటర్ సీసా కదిలించకుండా ఉంచి, అదను చూసి తీసి బల్లకేసి తడితే చాలామందికి ఇది కంటి ముందే కనిపిస్తుంది. ఆ తట్టుకు సీసా అంతా మంచైపోయిందనుకుంటాం గాని, అలా కాదు. మైనస్ ఎనిమిదికి దిగిన నీళ్ళలో గ్రాముకు ఎనిమిది క్యాలరీల లోటే ఉంది, గ్రాము నీరు మంచైతే 80 క్యాలరీలు బయటపడతాయి. అంటే పదో వంతు గడ్డకట్టేసరికే మిగిలిన నీరు సున్నాకు వేడెక్కి ఆగిపోతుంది. సీసాలో కనిపించేది మంచు జాలి, దాని సందుల్లో నీళ్ళు.

మరి నీళ్ళెందుకు మొరాయిస్తాయి? మంచు స్ఫటికంగా మొదలవ్వాలంటే కొన్ని వందల అణువులో, వేలో ఒకేసారి సరైన అమరికలోకి రావాలి. చిన్న గుంపుకు పైతలం ఎక్కువ. ఆ పైతలానికయ్యే ఖర్చు స్ఫటికం కావడం వల్ల వచ్చే లాభాన్ని మింగేస్తుంది, గుంపు చెదిరిపోతుంది. ఒక పరిమాణం దాటిన గుంపు మాత్రం పెరుగుతూ పోతుంది. ఉష్ణోగ్రత ఎంత దిగితే ఆ పరిమాణం అంత చిన్నదవుతుంది. దుమ్ము రేణువో, పాత్ర గోడ మీది గరుకుదనమో ఆసరా ఇస్తే పని ముందే అయిపోతుంది. పాలు పెరుగవడానికి తోడు కావాలి, నీళ్ళు మంచవడానికీ అలాంటి తోడే కావాలి. ఏ తోడూ లేని స్వచ్ఛమైన అతి చిన్న బిందువులను మైనస్ 38 డిగ్రీల దాకా ద్రవంగా ఉంచొచ్చని ప్రయోగశాలల్లో మళ్ళీ మళ్ళీ తేలింది. ఆ తర్వాత తోడు లేకపోయినా అవే గడ్డకడతాయి. కరగడానికి ఇలాంటి అడ్డంకి లేదు. మంచు ఉపరితలంలోని అణువులు సున్నాకు కొంచెం కిందనే వదులుగా, సగం ద్రవంలా ఉంటాయి. ఇదేదో ఉందని మైఖేల్ ఫారడే 1850లోనే పసిగట్టాడు. కరగడానికి తోడు ఎప్పుడూ మంచు దగ్గరే ఉంటుంది, సున్నా విషయంలో అది మాట తప్పకపోవడానికి కారణం ఇదే.

తోడు అంటే దుమ్మే కానక్కర్లేదు. ఆకుల మీద బతికే సూడోమోనాస్ సిరింజే అనే బాక్టీరియా తన పైపొరలోని ఒక ప్రోటీన్‌తో మైనస్ రెండు దగ్గరే నీళ్ళను మంచు చేయిస్తుంది. ఆకు పగిలి రసం బయటికొస్తే దానికి తిండి. కృత్రిమ మంచు తయారీలో ఆ ప్రోటీన్‌ను వాడుకుంటున్నారు కూడా.

ఐసు ఫ్యాక్టరీలో తోడుకు కరువు లేదు, రేకు డబ్బా గోడలే చాలు. అక్కడ కావలసింది ఓపిక. పొడవాటి డబ్బాల్లో నీళ్ళు పోసి, వాటిని ఉప్పునీటి తొట్టెలో దించుతారు. ఆ ఉప్పునీటిని అమ్మోనియా యంత్రం మైనస్ పది చుట్టుపక్కల ఉంచుతుంది. ముప్పై డిగ్రీల దగ్గరున్న కిలో నీళ్ళను సున్నాకు దించడానికి 30 కిలోక్యాలరీలు లాగితే చాలు, అక్కణ్ణుంచి మంచు చేయడానికి 80 లాగాలి. పైగా గోడ దగ్గర ముందు కట్టిన మంచే లోపలి నీటికి దుప్పటి అవుతుంది. మందం రెండింతలైతే పట్టే సమయం నాలుగింతలవుతుంది. ధ్రువ సముద్రాల మంచు పెరుగుదలను లెక్కకట్టడానికి ఆస్ట్రియాలో జోసెఫ్ స్టెఫాన్ 1891లో ఇచ్చిన సూత్రం ఇదే, దిమ్మ డబ్బాకూ సరిపోతుంది. అందుకే పెద్ద దిమ్మ గట్టిపడడానికి ఒక పగలూ ఒక రాత్రీ చాలకపోవచ్చు. దిమ్మను అడ్డంగా కోసి చూస్తే అంచులు అద్దంలా, నడిమి భాగం తెల్లగా ఉంటుంది. గడ్డకడుతున్న మంచు తనలోకి గాలినీ లవణాలనూ రానీయదు. అవన్నీ తరుముకుంటూ పోయి నడుమ చిక్కుపడతాయి. గట్టిపడిన డబ్బాను కాసేపు మామూలు నీళ్ళలో ముంచితే అంచు కరిగి దిమ్మ జారి వస్తుంది. ముప్పై డిగ్రీల తొట్టెనీళ్ళే అక్కడ వేన్నీళ్ళ పని చేస్తాయి.

గడ్డకట్టించి నిలవచేసే తోతాపురి మామిడి గుజ్జు కథ కొంచెం వేరు. చక్కెర ఎక్కువ గనక సున్నా దగ్గర ఏమీ జరగదు. కిందికి పోయేకొద్దీ నీరు కొంచెం కొంచెంగా మంచై, మిగిలిన రసం చిక్కబడి, దాని హద్దు ఇంకా కిందికి జరుగుతూ పోతుంది. శీతల గిడ్డంగుల్లో మైనస్ 18 అని పెట్టుకోవడానికి ఒక కారణం ఇది.

వేడినీళ్ళు చన్నీళ్ళకంటే ముందు గడ్డకడతాయా అన్న ప్రశ్న ఎక్కడ మంచు గురించి మాట్లాడినా వచ్చి తీరుతుంది. 1963లో ఇప్పటి టాంజానియాలో ఎరాస్టో ఎంపెంబా అనే బడి పిల్లవాడు ఐస్‌క్రీం పాలు చల్లారనివ్వకుండానే ఫ్రీజర్‌లో పెట్టేశాడు. తనవే ముందు గట్టిపడ్డాయి. మాస్టర్లు నవ్వారు. విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన డెనిస్ ఆస్‌బోర్న్‌ను అడిగితే ఆయన నవ్వకుండా ప్రయోగం చేయించాడు. 1969లో ఇద్దరూ కలిసి వ్యాసం వేశారు. ఆవిరై తగ్గిపోవడం, కరిగిన గాలి, నీటి లోపలి ప్రవాహాలు, వేడి పాత్ర కింద ఫ్రీజర్‌లోని నూగుమంచు కరిగి పాత్ర అడుగు బాగా అతుక్కోవడం, ఇలా కారణాలు చాలా చెప్పారు. 2016లో బరిడ్జ్, లిండెన్ అనే పరిశోధకులు జాగ్రత్తగా కొలిచి, చల్లబడే వేగంలో అలాంటి ప్రభావానికి ఆధారం దొరకలేదన్నారు. థర్మామీటరు పాత్రలో ఒక సెంటీమీటరు పైకో కిందికో ఉన్నా ఫలితం తారుమారవుతుందనీ చూపించారు. 2020లో కుమార్, బెకోఫర్ నీళ్ళతో కాకుండా ద్రవంలో తేలే సూక్ష్మ రేణువుతో ఇలాంటి ప్రభావాన్ని నిక్కచ్చిగా చూపించారు. నాకు తోచింది చెప్తాను. నీళ్ళ విషయంలో ఇది చాలావరకు అతిశీతల స్థితి ఆడే లాటరీ. ఏ పాత్రలో తోడు ముందు దొరికితే అది ముందు కడుతుంది. అయినా మాస్టారు నవ్వారని ఊరుకోని ఆ పిల్లవాడే ఈ కథలో గొప్పవాడు.

ఒత్తిడి సంగతి త్వరగా ముగించొచ్చు. మంచు నీటికంటే తేలిక, తొమ్మిది శాతం ఎక్కువ చోటు కావాలి. కాబట్టి నొక్కితే కరగడానికే మొగ్గుతుంది. కాని హద్దును ఒక్క డిగ్రీ దించడానికి దాదాపు 130 వాతావరణాల ఒత్తిడి కావాలి. స్కేటింగ్ చేసేవాడి బరువుకే కింది మంచు కరిగి జారుతుందని చెప్పే పాత పాఠం ఈ లెక్క ముందు నిలవదు.

ఆరుబయట మంచు చూడాలంటే తెలుగువాళ్ళు లంబసింగికి పోతున్నారు. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న చిన్న ఊరు. తమిళనాడు వాళ్ళకు ఊటీ ఉంది. రెండు చోట్లా ఒక వాదన ఏటా నడుస్తుంది. థర్మామీటరు రెండో మూడో చూపిస్తుంటే గడ్డి మీద నూగుమంచు ఎలా వచ్చింది, కొలత తప్పా? తప్పు కాదు. వాతావరణ కేంద్రం కొలిచేది నేలకు మనిషి ఛాతీ ఎత్తున, నీడలో ఉన్న గాలిని. మబ్బులేని, గాలి కదలని, పొడిగా ఉన్న రాత్రి నేలా గడ్డీ తమ వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేసి, పైగాలికంటే నాలుగైదు డిగ్రీలు కిందికి పోతాయి. అలహాబాదులో దీన్ని చేతిపనిగా వాడుకున్నారు. గడ్డి పరిచిన గుంటల్లో లోతు లేని మట్టిమూకుళ్ళు పెట్టి, నీళ్ళు పోసి, రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి పలకలు కట్టేవి. సర్ రాబర్ట్ బార్కర్ 1775లో దీని గురించి రాయల్ సొసైటీకి రాశాడు. ట్యూడర్ ఓడ రావడానికి దాదాపు అరవై ఏళ్ళ ముందు మాట. ధర్మపురి ఎత్తు నాలుగైదు వందల మీటర్లే. ఇక్కడ రాత్రి గాలి అంతగా చల్లబడదు, ఆ ఉపాయం ఇక్కడ చెల్లదు.

ధర్మపురికి సహజంగా వచ్చే మంచు వడగళ్ళే. ఏప్రిల్, మే నెలల్లో పగలంతా కాసి, సాయంత్రానికి ఉరుములతో వాన పట్టినప్పుడు ఒక్కోసారి రాళ్ళు పడతాయి. అప్పటికి పాలక్కోడు, కృష్ణగిరి మామిడి తోటల్లో కాయ ఎదుగుతూ ఉంటుంది. నలభై డిగ్రీల ఎండ కాసిన రోజే మంచు పడడంలో వింత లేదు. ఆ ఎండే గాలిని పైకి ఎగదోస్తుంది. ఆ నెలల్లో దక్షిణ భారతంలో సున్నా డిగ్రీల మట్టం సుమారు ఐదు కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఉరుముల మేఘం దాన్ని దాటి పది పన్నెండు కిలోమీటర్ల దాకా లేస్తుంది. మట్టం పైన మేఘంలో ఉన్నదంతా మంచే అనుకుంటే పొరపాటు, చాలావరకు మైనస్ పది, పదిహేను దగ్గర కూడా నీళ్ళుగానే ఉన్న బిందువులు. ఫారన్‌హీట్ బుడ్డిలో చూసిన నీరే అది. అందులో ఎక్కడో ఒక మంచు పలుకు పుడితే, తగిలిన ప్రతి బిందువూ దాని మీద గడ్డకట్టి అంటుకుంటుంది. బిందువులు ఉన్నపళంగా గడ్డకడితే మధ్యలో గాలి చిక్కి పొర తెల్లగా వస్తుంది. ఎక్కువ నీరు తగిలి, గుప్తోష్ణం పోవడానికి తెరిపి లేకపోతే నీరు నెమ్మదిగా పాకి గడ్డకట్టి పొర గాజులా వస్తుంది. వడగల్లును కోసి చూస్తే కనిపించే వలయాలు అది మేఘంలో తిరిగిన దారికి దస్తావేజు. పైకెగిసే గాలి దాని బరువు మోయలేని నిమిషాన కిందికి రాలుతుంది.

రాలడం మొదలయ్యాక కరగడం మొదలవుతుంది. సున్నా మట్టం నుంచి ధర్మపురి నేలకు నాలుగున్నర కిలోమీటర్ల వెచ్చని గాలి దాటాలి. సెంటీమీటరు రాయి సెకనుకు పది మీటర్ల చొప్పున పడుతుందనుకుంటే ఏడెనిమిది నిమిషాల ప్రయాణం. చిన్నవి దారిలోనే పూర్తిగా కరిగి పెద్ద పెద్ద చినుకులై పడతాయి. వేసవి ఉరుముల వానలో తొలి చినుకులు లావుగా, చల్లగా తగలడానికి ఇదొక కారణం. పెద్దవి గ్రాముకు 80 క్యాలరీల అప్పు తీరకముందే నేలకు చేరిపోతాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. గాలి పొడిగా ఉంటే రాయి మీది తడి ఆవిరవుతూ దాన్ని చల్లబరుస్తుంది, కరగడం ఆలస్యమవుతుంది. తేమగాలిలో ఆ వెసులుబాటు లేదు, పైగా గాలిలోని ఆవిరి చల్లటి రాయి మీద నీరై ఇంకా వేడినిస్తుంది. అందుకే వడగళ్ళ అంచనాకు మామూలు థర్మామీటరు సున్నా మట్టంకంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు సున్నాకు వచ్చే మట్టాన్ని ఎక్కువ చూస్తారు. నైరుతి రాకముందు మెట్టప్రాంతాల మీది గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఆ మట్టం కిందికి ఉంటుంది, రాయికి కరిగే దారి తగ్గుతుంది. ఆషాఢ శ్రావణాల్లో వాన ఎంత కురిసినా రాళ్ళు పడకపోవడంలో ఈ తేడా పాత్ర ఉంది. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లి వైపు పొలాలు తెల్లగా కప్పుకుపోయింది పొడి కాలపు వడగళ్ళతోనే. 1888 ఏప్రిల్ 30న మొరాదాబాద్‌లో 246 మంది చనిపోయిందీ ఆ రుతువులోనే.

మేఘంలోని అతిశీతల నీటికి మనిషే తోడు వేస్తే? 1946 జులైలో విన్సెంట్ షేఫర్ ఫ్రీజర్‌లో తన ఊపిరితో పుట్టించిన పొగమంచులో పొడిమంచు (డ్రై ఐస్) ముక్క వేసి క్షణాల్లో మంచు పలుకులు చేశాడు. నవంబరులో బెర్నార్డ్ వానెగట్ సిల్వర్ అయొడైడ్ కూడా ఆ పని చేస్తుందని కనిపెట్టాడు. దాని స్ఫటికంలో అణువుల ఎడం మంచుకు దగ్గరగా ఉంటుంది, మైనస్ ఐదు కింద పనిచేస్తుంది. మన వైపు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003 తర్వాత అనంతపురం లాంటి కరువు జిల్లాల మీద మేఘమథనం చేయించింది. వాన పెరిగిందా అంటే, మథనం చేయకపోతే ఎంత కురిసేదో తెలిసే దారి లేక వాదన సాగుతూనే ఉంది. వడగళ్ళను ఆపడానికీ ఇదే విద్య వాడారు, తోడు ఎక్కువ వేస్తే రాళ్ళు ఎక్కువై ఒక్కొక్కటీ చిన్నదవుతుందన్న ఆశతో. అనేక దేశాల్లో దశాబ్దాలుగా చేసినా గట్టి రుజువు రాలేదు. హిమాచల్ ఆపిల్ తోటల్లో పేల్చే వడగళ్ళ ఫిరంగులకైతే శాస్త్రీయ ఆధారమే లేదని ప్రపంచ వాతావరణ సంస్థ తేల్చేసింది.

భూమి వేడెక్కుతున్నకొద్దీ సున్నా మట్టం పైకి జరుగుతోంది. రాయికి కరిగే దారి పెరుగుతోంది. దాని వల్ల చిన్న వడగళ్ళు తగ్గాలి. అదే వేడి గాలిలో తేమను పెంచి మేఘం ఎగదన్నే బలాన్నీ పెంచుతుంది కాబట్టి, బతికి నేలకు చేరే రాళ్ళలో పెద్దవాటి వాటా పెరగొచ్చని ఇటీవలి సమీక్షలు మొగ్గు చూపుతున్నాయి. తక్కువసార్లు పడి, పడ్డప్పుడు గట్టిగా కొట్టడం అన్నమాట. హిమాచల్‌లో ఆపిల్ చెట్లకు వలలు కడుతున్నారు. ఎత్తుగా, ఎడం ఎడంగా పెరిగే తోతాపురి తోటకు వల కట్టాలంటే పంట వెలకంటే వల వెల ఎక్కువవుతుంది. రాయి తగిలిన కాయ నిలవ ఉండదు, మచ్చ పడ్డచోట కుళ్ళు దిగుతుంది. గుజ్జు ఫ్యాక్టరీ తీసుకునే రోజుకు ఇంకా వారాలుంటే ఆ కాయ రైతు లెక్కలోంచి పోయినట్టే.